కళ్ళు తెరవని ఆవులు

మునిరామయ్యకు ఏ బొమ్మా పూర్తి కాకూడదు. పూర్తయ్యేట్టు కనిపించిందా, మనిషికి కుదురుండదు.

పూతలపట్టు రోడ్డు పక్కన ఆయన డెయిరీ ముందు నాలుగు సిమెంటు ఆవులున్నాయి. ఒకదానికి చెవి లేదు, ఇంకోదానికి తోక లేదు, మూడోదానికి కొమ్ము మొండి. నాలుగోది చుక్క అనే ఆవు బొమ్మ, దానికి కళ్ళొక్కటే తక్కువ. "చెవిలేని ఆవు కాడ దిగేవాళ్ళు రండప్పా!" అని కండక్టరు అరిచినప్పుడల్లా ఆయన భార్య దేవకమ్మకు తల కొట్టేసినట్టుండేది.

బొమ్మల ఆచారం ఆమె మామ తిరుమలయ్యది. బాగా పాలిచ్చిన ఆవు ఒట్టిపోతే దాని బొమ్మ రోడ్డు మీద నిలబెట్టాలి. బొమ్మకు కళ్ళు దిద్దిన రోజు అసలు ఆవును సంతకు తోలాలి. ఆయనుండగా అట్లే జరిగింది.

కొడుకు మునిరామయ్య చేతికి వచ్చినాక జరిగిందల్లా పగలగొట్టడమే. పాలు పిండటం కాగానే సుత్తి పట్టుకుని బొమ్మల చుట్టూ తిరుగుతాడు.

"గంగడోలు బాలేదప్పా, తీసెయ్."

"నిన్న నువ్వే బాగుండాదంటివి గదన్నా!" అంటాడు బొమ్మలు చేసే ఎల్లప్ప.

"నిన్న ఎండలో సూసినా. ఈపొద్దు మబ్బు పట్టిండ్లా!"

ఎల్లప్పకు కూతురు పుట్టి, ఆ పిల్ల బడికి కూడా పోతోంది. మొదటి ఆవుకు ఇంకా చెవి రాలేదు. చుక్కావు పాలివ్వక ఏడేళ్ళు. దానికీ, మిగతా మూడింటికీ గడ్డి మోసి మోసి దేవకమ్మ నడుం పడిపోయింది.

మొన్న మునిరామయ్య దాణాకు చిత్తూరు పోయినాడు. ఇదే అదనని దేవకమ్మ ఎల్లప్పతో చుక్క బొమ్మకు కళ్ళు దిద్దించి, సంత బ్రోకరు రామచంద్రను పిలిపించింది.

మునిరామయ్య వచ్చి చూశాడు. బొమ్మ చుట్టూ ఒక చుట్టు తిరిగాడు, రెండు, మూడు. గిట్టలు తడిమాడు. ఒక్క వంకా దొరకలేదు.

"కళ్ళు తెరిచినారు గదన్నా, తోలుకుపోతా," అన్నాడు రామచంద్ర.

మునిరామయ్య పోయి చుక్క పక్కన నిలబడ్డాడు. ఒక చేతిలో సుత్తి, ఇంకో చేతిలో చుక్క పలుపు. చుక్కేమో తీరుబడిగా ఆయన చొక్కా జేబు నాకుతోంది.

'ఓరి దేవుడా, ఇందుకా ఈ ఏడేళ్ళ కొట్టుడు!' అనుకుంది దేవకమ్మ. ఆమెకు కోపం రావాలి. నవ్వొచ్చింది. విసురుగా పోయి మొగుడి చేతిలో సుత్తి లాక్కుని బొమ్మ తోక మీద ఒక్కటేసింది. తోక కింద పడింది.

"తోక పొట్టిగా ఉండాదన్నా. బొమ్మ ఇంకా కాలే. పోయిరా," అంది రామచంద్రతో.

"మళ్ళెప్పుడు రావాలక్కా?"

"ఎల్లప్ప కూతురికి పెండ్లయినాక."

మునిరామయ్య తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని, వంగి విరిగిన తోకను పరీక్షగా చూశాడు.

"కొట్టేది కూడా తెలీదే నీకు. ఇంకొంచెం పైన తగలాల!"