సున్నం తాత ముప్పై ఒక్క పూతలు

ఆ పాత నగరంలో చూడదగిన స్థలాల జాబితాలో ఆ మసీదు లేదు. దారి తప్పినవాళ్ళు మాత్రం తప్పకుండా చూసేవారు. గిడ్డంగుల వెనక ఒక సందు ఉండేది. ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవక తప్పని సందు. దాని చివర చెక్క తలుపు, లోపల చిన్న వాకిలి, మూడు గుమ్మటాలు. పెద్ద వీధిలో కొత్త మసీదు లేచాక జనం అటు తిరిగిపోయారు. ఇక్కడ మిగిలినవి పావురాలు, ఒక తాళంచెవి. ఆ తాళంచెవి సున్నం తాత మొలతాడుకు వేలాడుతూ ఉండేది.

ఆయనకు అసలు పేరొకటి ఉంది గానీ అది భార్యకే గుర్తు. ఆవిడ కూడా కోపం వచ్చినప్పుడే దాన్ని బయటికి తీసేది. నలభయ్యో ఏట వరకు గిడ్డంగుల్లో బస్తాలు మోశాడు. నడుము పట్టేసి మూలపడితే, అప్పటి కమిటీ పెద్దాయన జాలిపడి తాళంచెవి చేతిలో పెట్టి, వాకిట్లో గది చూపించి, ‘చూసుకో’ అన్నాడు. చూసుకోవడమంటే ఏం చేయాలో ఆయన చెప్పలేదు, పెద్దలను అడగడం బాగుండదని ఈయనా అడగలేదు. పొగ, దుమ్ము పట్టి నల్లబడ్డ గోడలకు తనకు తెలిసిన శుభ్రం ఒక్కటే, సున్నం. ఏటా ఎండలు ముదరగానే సున్నపురాళ్ళు మూడు రోజులు నానబెట్టి, గుడ్డలో వడగట్టి, జిగురు కలిపి, నడుముకు గుడ్డ బిగించి నిచ్చెనెక్కేవాడు. నెలరోజుల పని. అయ్యాక వాకిట్లో కూర్చుని, పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసిన తల్లిలా ఆ గోడలవంక చూసుకునేవాడు. అలా ముప్పై ఒక్క ఏళ్ళు.

డెబ్బై ఒకటో ఏట ఒక పరిశోధకురాలు వచ్చింది. చేతిలో దీపం, మెడలో కొలతల టేపు. ఈమె దారి తప్పి రాలేదు, వెతుక్కుంటూ వచ్చింది. తాత మొదట అనుమానపడి తర్వాత మంచినీళ్ళిచ్చాడు. ఆమె మోకాళ్ళమీద పాకి, ప్రసంగానికి ఎక్కే రాతిమెట్ల వెనక మూలలోకి దూరి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చినప్పుడు జుట్టునిండా బూజు, కళ్ళనిండా నీళ్ళు. ఆ మూల గోడమీద జానెడు మేర నీలిరంగు పువ్వులున్నాయి. ఐదు వందల ఏళ్ళనాటివి. అలాంటివి గోడలన్నిటిమీదా ఉండి ఉండాలనీ, సున్నం కింద పూడిపోయి ఉంటాయనీ ఆమె అంచనా.

ఆ సాయంత్రమే ఇప్పటి కమిటీ పెద్ద, అంటే వెనకటాయన కొడుకు, రొప్పుతూ వచ్చాడు. పాత కట్టడాలకు సున్నం కొట్టడం నేరమని అతనికి ఎవరో చెప్పారట. మర్నాడు అధికారులు వస్తున్నారనీ, సున్నం సంగతి అడిగితే తాతకంటే ముందు తరం వాళ్ళెవరో వేశారని చెప్పాలనీ, అంతకు మించి పెదవి కదిపితే తాళంచెవితోపాటు గదీ పోతుందనీ బోధించి వెళ్ళాడు. భార్య అంత దూరం సాగదీయలేదు.

‘రేపంతా నోట్లో నీళ్ళు పోసుకుని కూర్చో. ఈ వయసులో నన్ను సందులో నిలబెట్టకు’ అంది.

మర్నాడు తాత నిజంగానే బుద్ధిగా కూర్చున్నాడు. ఇద్దరు అధికారులు వచ్చారు. పరిశోధకురాలు వాళ్ళకు ఆ మూల చూపించి, ఈ పెద్దాయనకు దాని విలువ తెలుసు గనకే దాన్ని కాపాడాడని పొగిడింది. తాత తల వంచుకున్నాడు. వాళ్ళు దాన్ని వినయం అనుకున్నారు. అక్కడితో ఆగినా బాగుండేది. ఆమె పక్కగోడకేసి చేయి చాపి, ఎవడో బుద్ధిలేనివాడు చేతికొచ్చినట్టు పూసిపారేశాడు అంది.

బుద్ధిలేనివాడు అన్నందుకు ఆయనకు బాధ లేదు. ఆ మాట ఇంట్లో అలవాటే. చేతికొచ్చినట్టు అన్నది మాత్రం గుచ్చుకుంది.

‘చేతికొచ్చినట్టు కాదమ్మా’ అన్నాడు లేచి. ‘మూడు రోజులు నానబెట్టి, రెండుసార్లు వడగట్టి వేశాను. ఏటా ఒక పూత. ముప్పై ఒకటి. ఎక్కడైనా ఒక్క చార కనిపిస్తే చూపించండి.’

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నవాడి గురించి అందరూ విన్నారు. గుమ్మడికాయను తెచ్చి నడిమధ్యన పెట్టి, ఎంత బాగుందో చూడమన్నవాణ్ణి ఆ రోజే చూశారు. కమిటీ పెద్ద కళ్ళు మూసుకున్నాడు.

‘మరి ఈ మూల ఎందుకు వదిలేశారు తాతా?’ అంది ఆమె, ఇంకా కొంచెం ఆశతో.

‘కందిరీగలమ్మా. మొదటి ఏడే కుట్టాయి. మొహం వాచి ఇంటికెళ్తే మా ఆవిడ ఎవరు కావాలని అడిగింది.’

కమిటీ పెద్ద చేయి చాచాడు. తాత మొలతాడు ముడి విప్పాడు. ఏళ్ళనాటి ముడి బిగుసుకుపోవడంవల్ల కొంచెం ఆలస్యమైంది. ఆ ఆలస్యంలోనే పరిశోధకురాలు గోడను గోటితో తట్టి, సున్నం వేసే ముందు గీకారా అని అడిగింది. గీకితే గోడ పాడవదా, మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిచానంతే అన్నాడు తాత. జిగురెంత కలిపారంది. ఆయన పిల్లల వయసులు చెప్పినట్టు చెప్పాడు. పడమటి గోడకు తొమ్మిదో ఏడు జిగురెక్కువైంది, అది మొండిది. ఉత్తరపు గోడ మెత్తన, నీళ్ళు తగిలితే ఊడివస్తుంది.

ఆమె అధికారులవైపు తిరిగింది. ఏ పూత ఎంత మందమో ఎరిగిన మనిషి లేకుండా ఈ సున్నం తీస్తే పువ్వులు కూడా ఊడివస్తాయని చెప్పింది. అధికారులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పూసిన మనిషే తీయాలని తేలింది. మెత్తని చెక్క కత్తితో రోజుకు అరచేతి మేర, అంతకు మించకూడదు. కమిటీ పెద్ద చాచిన చేయిని జేబులో పెట్టుకున్నాడు. మొత్తం ఎన్నాళ్ళు పడుతుందని అధికారి అడిగితే, ఆమె గోడలు కొలుచుకుని ఇరవై రెండేళ్ళంది.

‘అయితే నీకు తొంభై మూడొచ్చేదాకా మనకు గది ఖాయం’ అంది భార్య ఆ మధ్యాహ్నం. చాలా ఏళ్ళ తర్వాత ఆయన్ని కోపం లేకుండా పేరుపెట్టి పిలిచింది.

ఇప్పుడక్కడికి జనం వస్తున్నారు. సందులో వెనక్కి నడిచేవాళ్ళకు లెక్కలేదు. తాత పీటమీద కూర్చుని గీకుతుంటే, వెనక నిలబడి ఆహా అంటారు. ఆయన మర్యాదగా తలూపుతాడు. తొలి ఏడాది పని పూర్తయిన రోజున మాత్రం గదిలోకి వచ్చి చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోంచి గోడవంక చూశాడు.

‘పువ్వులు బాగానే ఉన్నాయి గానీ, గోడ మాసినట్టుంది’ అన్నాడు.

ఆ మాట బయటికి పోకుండా భార్య గబుక్కున లేచి తలుపు వేసింది.