షెడ్డుకు కరెంటొచ్చిన విధం

నాంపల్లిలో మేం కిరాయికున్న ఇంటి ఓనరు దగ్గర ఏ ప్రమాదానికైనా ఒకటే మందు ఉండేది: "ఏం గాదు."

ఒకసారి ఆయన ఇంట్లోంచి కారు షెడ్డుకు కరెంటు లాగాలనుకున్నాడు. మట్టి తవ్వి, పైపు వేసి, అందులోంచి కేబులు తేవాలని ఎలక్ట్రీషియన్ చెబితే, కరెంటుకు కూడా సమాధి కట్టాలా అన్నట్టు చూసి పంపించేశాడు. అబిడ్స్‌లో తానే వైరు కొనుక్కొచ్చి, మేం బట్టలారేసుకునే ఇనప తీగకు చుట్టుకుంటూ షెడ్డు దాకా తీసుకెళ్లాడు. మధ్యలో అతుకు మీద చింతపండు కవరు కట్టి, వాన సంగతి దానికి అప్పగించాడు.

"వానొస్తె ఎట్ల అంకుల్?" అంది మా ఆవిడ, తడి చీర చేతిలో పట్టుకుని.

"ఏం గాదు బిడ్డా. ఆరెయ్యి."

ఆమె ఆరేయలేదు. సాయంత్రం జల్లు పడింది. తన బనియన్ తీసుకుందామని ఆయనే తీగ మీద చెయ్యేశాడు. కెవ్వుమని ఎగిరి వెల్లకిలా పడ్డాడు. మా ఆవిడ పరుగెత్తి మెయిన్ ఆపింది. నేను లేపి కూర్చోబెట్టి, దవాఖానకు పోదామా అన్నాను.

ఆయన వేలితో షెడ్డు వైపు చూపించాడు.

"దవాఖానెందుకు? చూసిన్రా, కరెంటు మంచిగనే పోతున్నది!"