సారు అడిగిన బాట

డిగ్రీ అయ్యాక మొయినాబాద్ రోడ్డు మీద ప్లాట్లు అమ్మే ఆఫీసులో చేరాను. హైటెక్ సిటీ ఉద్యోగస్తులు పిల్లాజెల్లాతో కార్లలో దిగేవాళ్లు. వాళ్లతో ఎట్లా మాట్లాడాలో, ఎండలో విసిగిపోయిన ఆడవాళ్లకు ముందు మంచినీళ్లు ఇవ్వాలని, తర్వాతే నక్షా విప్పాలని ఆఫీసు నడిపే మా సారే నేర్పారు. చేవెళ్ల పిల్లకు అంత ఓపికగా పని నేర్పేవాళ్లు ఎవరున్నారు? బాపు మా చేలో తెంపిన మొదటి గంప టమాటలు సారు ఇంటికే పంపేవాడు.

ఆ రోజుల్లో సాయంత్రాలు టీవీలో ఒక పోలీసు సీరియల్ వచ్చేది. అందులో ఒక పెద్దాఫీసరు, కొత్తగా చేరిన అమ్మాయి ఎస్సైకి కేసులు ఛేదించడం నేర్పుతుంటాడు. మా వాడకట్టంతా అతనికి ఫిదా. మా అవ్వకు మాత్రం అతని పొడ గిట్టేది కాదు.

"పాఠం చెప్పేటోడు పాఠం చెప్పాలె. గీయన రోజూ ఆ పిల్ల నాయన సంగతి ఎందుకు అడుగుతుండు?" అనేది, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

కథ తెలియకుండా మాట్లాడకు అవ్వా అని కసురుకునేదాన్ని. కొన్నాళ్లకు గుట్టు బయటపడింది. ఆ ఆఫీసరు ఎప్పుడో ఒక హత్య చేశాడు. చూసిన ఒకే ఒక్క సాక్షి ఆ అమ్మాయి తండ్రి. ఆయన ఆచూకీ కోసమే పిల్లను చేరదీశాడు. వాడకట్టంతా నోరెళ్లబెట్టింది. అవ్వ తలెత్తకుండా చిక్కుళ్లు తుంచుతూనే ఉంది.

అప్పుడు నాకు తట్టింది. మా సారు కూడా రోజూ బాపు సంగతే అడిగేవారు. బోరులో నీళ్లున్నాయా, భూమి మీద ఆయన మనసు ఎట్లా ఉంది, అని. మాకు అన్నం పెట్టే ఎకరం రోడ్డుకు ఆనుకుని ఉంది. దాని వెనక భూమిని ఎవరో కొన్నారని మాత్రమే విన్నాం. మర్నాడు దాన్ని అమ్మిన రైతునే వెళ్లి అడిగాను. కొన్నది మా సారే, అదీ నన్ను పనిలోకి తీసుకోకముందే. మా చేనును చీల్చి బాట వేస్తే తప్ప అక్కడ ఒక్క ప్లాటు కూడా అమ్ముడుపోదు.

ఆదివారం సారు మా ఇంటికి భోజనానికి వచ్చారు. మా దిక్కు భూమి మాటలు మగవాళ్లవే. ఆడవాళ్లు వడ్డించి లోపలికి పోవాలి. నేను పోలేదు.

"మీ బిడ్డ నా బిడ్డ లెక్కనే. మీ చేన్లకెల్లి ఒక బాట ఇస్తె సాలు," అన్నారు సారు.

బాపు ముఖంలో మొహమాటం కనిపించింది. కూతురికి పని నేర్పిన మనిషికి కాదని చెప్పడం ఆయనకు చేతకాదు.

"ఎనక భూమి నన్ను పన్ల వెట్టుకోకముందే కొన్నరు గద సార్?" అన్నాను.

సారు ముద్ద పళ్లెంలో పెట్టి నవ్వారు. "పెద్దోళ్లం మాట్లాడుకుంటున్నం. నువ్వు లోపటికి పో బిడ్డా."

బాపు నన్ను కసురుతాడనే అనుకున్నాను. ఆయన కూర గిన్నెను సారు వైపు జరిపి, "భూమి దానిది గూడ సార్. దాన్నే అడుగుండ్రి," అన్నాడు.

మా ఇంట్లో అప్పటిదాకా ఏ ఆడమనిషినీ భూమి గురించి ఎవరూ ఒక్క మాట అడిగింది లేదు. ఇప్పటికీ ఆ పూట గుర్తొస్తే గర్వంతో నా తల పైకి లేస్తుంది.

సారు నా వైపు తిరిగారు.

"ఇయ్యం సార్," అన్నాను.