గంటతో సహా కొన్న సైకిలు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదట్నించీ చిరాకు. ఇప్పటికీ అంతే. నేను చెప్పబోయేదాంట్లో దయ్యం లేదు, చనిపోయిన మనిషీ లేడు. ఒక సైకిలుంది. దాని గురించి నేను నలుగురిలో రాసిన తప్పుడు మాట ఒకటుంది. అది సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

మాది విజయనగరం. నలభై ఐదు దాటాక షుగరొచ్చి సైకిలు పట్టాను. కొన్నాళ్ళకి పాత ఉక్కు రేసు సైకిళ్ళ మీద పిచ్చి పట్టింది. చీపురుపల్లి అవతల ఒక ఊళ్ళో అలాంటిది అమ్మకానికుందని తెలిసి వెళ్ళాను.

సన్నటి ఉక్కు గొట్టాలు, కిందికి వంగిన హ్యాండిలు, ఫ్రేము మీదే గేరు మీటలు. ఆ ఇంటి పెద్దాయన వయసులో ఉండగా విశాఖ హార్బరులో కళాసీగా పనిచేసి, ఒక విదేశీ నావికుడి దగ్గర కొన్నాడట. ఊరొచ్చాక పొలానికీ సంతకీ దానిమీదే తిరిగాడు. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక అమ్ముతున్నాడు. చుట్టుపక్కల ఎవరు ఎద్దులు కొనాలన్నా ఆయన్ని వెంటబెట్టుకెళ్తారు. లోపముంటే ఉందంటాడు, లేకపోతే లేదంటాడు. ఆ మాటకే ఆయనకి విలువ.

"ఎప్పుడైనా పడిందా?" అని అడిగాను.

"ఒక్కపాలి కూడా పడనేదు బాబూ. నా మాట మీద తీసుకుపో."

బేరం కుదిరాక ఆయన భార్య స్పానరు తెచ్చి, హ్యాండిలు మీదున్న ఇత్తడి గంట విప్పబోయింది.

"ఎద్దుని అమ్మితే పలుపు ఇచ్చీస్తామేటి? ఇచ్చీస్తే గొడ్డు ఇంటికేసే సూస్తాది. దీనికి పలుపు నేదు గదా, ఈ గంటుంది," అంది.

పశువుని అమ్మినప్పుడు దాని మెడలో పలుపుతాడు కొన్నవాడికివ్వకుండా ఇంట్లోనే ఉంచుకోవడం మా వైపు అలవాటే. కానీ సైకిలుకి పలుపేమిటి? పైగా నాకు ఆ గంట మీదే కన్ను. బొటనవేలి రాపిడికి బంగారంలా మెరుస్తోంది. గంట లేకపోతే బండి వద్దన్నాను.

"పోనీ ఇచ్చీయే, సైకిలేటి గడ్డి తింటాదా?" అని పెద్దాయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

సైకిలుని ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చి, మర్నాడే భోగాపురం వైపు తొక్కాను. ఎడమకి లాగుతోంది. కొద్దిగా కాదు, భుజం నొప్పెట్టేంత. చక్రాల బెండు తీయించాను. బేరింగులు మార్పించాను. ఫోర్కు విప్పించి చూపించాను. మెకానిక్కు ఫ్రేముకి దారం కట్టి చూసి, అంతా తిన్నగానే ఉందన్నాడు. మళ్ళీ ఎక్కితే మళ్ళీ ఎడమకే. ఇల్లు చేరేసరికి ఒళ్ళు మండిపోయేది.

"నా నడుంనొప్పికి ఇంతమంది డాక్టర్ల దగ్గరికి తిప్పేరా?" అంది మా ఆవిడ.

ఆ చిరాకులోనే మా సైక్లింగు వాట్సాప్ గ్రూపులో రాసేశాను. ఆ పెద్దాయన యాక్సిడెంటైన బండిని అబద్ధం చెప్పి నాకు అంటగట్టాడని. ఊరి పేరుతో సహా, ఫొటోతో సహా.

రాశాక గానీ ఒక సంగతి నా బుర్రకెక్కలేదు. భోగాపురం వెళ్ళేటప్పుడు ఎడమకి లాగే బండి, తిరిగొచ్చేటప్పుడు కుడికి లాగుతోంది. బెండున్న ఫ్రేము ఎటు వెళ్ళినా ఒక పక్కకే లాగాలి. గాలి వల్లనేమోనని ఆకు కదలని రోజు చూసి వెళ్ళాను. అదే తీరు. ఎడమైనా కుడైనా అది చీపురుపల్లి వైపే. వరండాలో గోడకి చేరేస్తే, పొద్దున్నకి ముందు చక్రం అటే తిరిగి ఉండేది. ఎదుటి గోడకి మార్చినా అటే.

భయం వేయలేదు. కోపం వచ్చింది. వాపసిచ్చేద్దామని దానిమీదే బయల్దేరాను. ఆ దారంతా ఎటూ లాగకుండా, చేతులు వదిలినా తిన్నగా వెళ్ళింది. ఇక లోపం ఎలా చూపించాలిరా బాబూ అని ఇంకా మండింది.

పెద్దాయన నన్ను కూర్చోమనలేదు. నేను రాసింది ఫోన్లు దాటుకుంటూ వాళ్ళ ఊరు చేరిపోయింది.

"సంతలో కుర్రోళ్ళు నన్ను సూసి, తాతా, ఈ ఎద్దు ఎప్పుడైనా పడిందేటి అని ఎక్కిరిస్తన్నారు. ఎద్దుల్ని సూడ్డానికి ఇప్పుడు నన్నెవులూ పిలవడం నేదు," అన్నాడు.

నేను సైకిలెక్కి వాళ్ళ గుమ్మం దాటి ముందుకెళ్ళి చూపించాను. హ్యాండిలు వెనక్కి మెలితిరిగి కాలు కింద పెట్టాల్సి వచ్చింది. మళ్ళీ ఎక్కినా అంతే. చూస్తున్న ఆయన మొహంలోనూ అయోమయమే. ఆవిడ స్పానరు తెచ్చి, గంట విప్పి, పాత పలుపుతాళ్ళు వేలాడుతున్న మేకుకి తగిలించింది.

"ఇప్పుడెల్లు," అంది.

ఊరి చివరిదాకా తొక్కి వెనక్కొచ్చాను. తిన్నగా ఉంది. వాపసిచ్చే మాట ఇక ఎత్తలేదు.

"పలుపు సంగతి నాకు తెలీదు," అన్నాడు పెద్దాయన. "నా బండి పడనేదని మాత్రం నీ ఫోన్లో రాయి."

నేను రాయలేదు. ఏం రాయాలి? గంట తీస్తే బాగైందంటే నవ్వుతారు. "సమస్య తీరింది" అని రెండు ముక్కలు పెట్టి ఊరుకున్నాను. మెకానిక్కు బాగుచేశాడనుకున్నారంతా. ఆయన సంతకి వెళ్ళడం మానేశాడని ఈమధ్యే విన్నాను.

అరచేతిలో పట్టే గంట. దాని బరువుకే లాగిందనుకుందామన్నా, ఒక పక్కకే లాగాలి కదా. ఎన్ని విధాల ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. నాకు కచ్చితంగా తెలిసింది ఒక్కటే, గ్రూపులో కూడా ఇదే పెడుతున్నాను. ఆ సైకిలు ఎప్పుడూ పడలేదు. పెద్దాయన చెప్పింది నిజం.