సోలాపూర్ అవతల కొన్న కారం

నరసరావుపేటలో మా వీధి పద్ధతి ఒకటుంది. ఎవరు ఊరెళ్ళొచ్చినా ఆ ఊరి తినుబండారం ఏదో ఒకటి తెచ్చి ఇంటింటికీ పంచాలి. రాసిపెట్టిన రూలేం కాదు. పంచకపోతే ఎవరూ ఏమీ అనరు. ఒంట్లో బాగుంటోందా అని మాత్రం అడగడం మొదలుపెడతారు.

పోయినేడు మా ఆవిడ బెంగుళూరు నుంచి మిఠాయి పెట్టె తెచ్చి ఎదురింటి పెద్దమ్మ చేతిలో పెట్టింది. వాళ్ళది కిరాణా కుటుంబం. ఏ డబ్బా ఇచ్చినా పెద్దమ్మ ముందు బోర్లించి చూస్తుంది, మూత తర్వాత తీస్తుంది.

"ఏమే, ఇది గుంటూరులో తయారైందంట గదే! పాపం, నీకంటే ఇదే ఎక్కువ తిరిగొచ్చింది."

వీధంతా నవ్వింది. నేను నవ్వలేదు. అంటే, బయటికి నవ్వలేదు.

ఈ ఏడు మా బావమరిది గృహప్రవేశానికి కారులో పుణె బయల్దేరాం. దాచేపల్లి దగ్గర సిమెంటు లారీల వెనక ఆగి ఉండగా మా ఆవిడ ప్రకటించింది. "ఈసారి మన పేటలో దొరకనిది తెస్తా. అది దొరికేదాకా కారు ఇంటికి రాదు."

కారు నడిపేది నేను. ఆ సంగతి లెక్కలోకి తీసుకున్నట్టు లేదు.

అదేమంత కష్టం కాదనుకున్నా. కృష్ణ దాటాం, హైదరాబాదు దాటాం, కర్ణాటక వచ్చింది, పోయింది. ఆగిన చోటల్లా అదే ఎర్రబోర్డు కాఫీ కొట్టు, దాని పక్కన అదే పచ్చబోర్డు సూపర్ మార్కెట్. లోపలికెళ్తే ఎడంపక్క బిస్కెట్లు, కుడిపక్క షాంపూలు, అచ్చం మా పేటలోలాగే. ఒకచోట మా ఆవిడ ఎవర్నీ అడక్కుండా నేరుగా బాత్రూముకి వెళ్ళొచ్చింది. "చూశారా, దారి కూడా తెలుసు నాకు" అంది దిగులుగా.

రేడియోలో తెలుగు పోయి కన్నడం, కన్నడం పోయి మరాఠీ వచ్చాయి. యాంకరమ్మాయి నవ్వు మాత్రం మారలేదు. ముందు నవ్వు, తర్వాత అపార్ట్‌మెంట్ల ప్రకటన, ఆ తర్వాత పాట, మళ్ళీ నవ్వు, ఆనక బంగారం కొట్టు ప్రకటన. భాష రాకపోయినా తర్వాత ఏమొస్తుందో చెప్పగలిగే స్థితికి వచ్చాను. "ఇప్పుడు బంగారం కొట్టు" అనేవాణ్ణి. బంగారం కొట్టే వచ్చేది. మా ఆవిడ రేడియో కట్టేసింది.

పుణెలో ఫంక్షన్ బాగా జరిగింది. వచ్చేప్పుడు మా ఆవిడ మరదలు ప్రేమగా ఓ మిఠాయి డబ్బా ఇచ్చింది. మా ఆవిడ దాన్ని బోర్లించి చూసింది. ఆ కంపెనీ కొట్టు మా బస్టాండు ఎదురుగానే ఉంది.

తిరుగు ప్రయాణంలో, సోలాపూర్ ఇంకా గంట ఉందనగా, "హైవే దిగండి" అంది.

"ఎటు?"

"బోర్డులు లేనివైపు."

దిగాను. ఓ పల్లెలో అరుగు మీద ఒకామె వేయించిన వేరుశెనగ గింజలు, వెల్లుల్లి, కారం రోట్లో దంచి అమ్ముతోంది. చిటికెడు రుచి చూశాం. బాగుంది. కానీ చప్పగా ఉంది.

"మిర్చీ ఔర్ డాలో" అంది మా ఆవిడ, ఇంకాస్త కారం వెయ్యమని.

ఆమె వేసింది.

"ఔర్."

ఆమె నావంక చూసింది. నేను రోడ్డువంక చూశాను. ఇంకాస్త పడ్డాక మా ఆవిడ నోట్లో వేసుకుంది, కళ్ళు తుడుచుకుంది. "ఆఁ, ఇప్పుడు కుదిరింది." మరాఠీ పేపర్లో పొట్లం కట్టించింది.

కార్లో చపాతీలో పెట్టుకుని తిన్నాను. మెచ్చుకుందామనే అన్నాను. "అచ్చం మీ అమ్మ చేసినట్టే ఉంది."

సోలాపూర్ బోర్డు కనపడేదాకా మా ఆవిడ ఆ పొట్లం విప్పి వాసన చూస్తూనే ఉంది.

"ఆపండి."

"ఏంది?"

"మా అమ్మ చేసినట్టుంటే ఇంతదూరం దేనికి? పెద్దమ్మ నాలిక మీద వేసుకోగానే చెప్పేస్తది. వెనక్కి తిప్పండి."

"చానా దూరం వచ్చేశామే."

"దొరికేదాకా కారు ఇంటికి రాదన్నానా, లేదా?"

తిప్పాను. మమ్మల్ని చూడగానే ఆ అరుగు మీదామె చేసిన మొదటిపని కారం డబ్బా లోపల పెట్టేయడం. మా ఆవిడ చేతులు జోడించినంత పనిచేసి, "మిర్చీ నహీ. ఆప్ జైసా ఖాతే, వైసా" అంది, మీరు తినేట్టే చెయ్యమని. అప్పుడు నవ్వింది ఆమె. రేడియోలో ఎక్కడా వినని నవ్వు.

పేటకొచ్చిన మర్నాడే ఆ రెండో పొట్లం పెద్దమ్మ చేతిలో పడింది. పెద్దమ్మ బోర్లించి చూసింది. మరాఠీ. ఇటు తిప్పింది. అటూ మరాఠీయే. విప్పి చిటికెడు నోట్లో వేసుకుంది. పరీక్ష ఫలితాలప్పుడు కూడా మా ఆవిడ అట్లా నిలబడి ఉండదు.

"ఏందే ఇది? ఇందులో కారమేదీ? మనోళ్ళెవరూ ఇట్టా చెయ్యరే! ఎక్కడిదే?"

"సోలాపూర్ అవతలది, పెద్దమ్మా" అంది మా ఆవిడ, ఒక్కొక్క అక్షరం విడివిడిగా, వీధి చివరిదాకా వినపడేట్టు.

పెద్దమ్మ ఇంకో చిటికెడు వేసుకుంది. "చప్పగానే ఉంది" అంటూ మూడో చిటికెడు తీసుకుంది.

కారం ఎక్కువేయించిన మొదటి పొట్లం మా ఇంట్లోనే ఉంది. రోజూ అన్నంలో కలుపుకుంటున్నాం. చానా బాగుంది. పేటలో ఎక్కడైనా దొరుకుతుంది.