మేడమ్ అప్పగించిన జట్టు

మద్దిలపాలెంలో మా ఇంటి వెనక మైదానం నుంచి ఆడపిల్లల కబడ్డీ కూత వినిపిస్తే ఇప్పటికీ చేతిలో పని ఆపేస్తాను. తెగకుండా సాగే ఆ ఊపిరి వింటే నాకు సత్యవతి మేడమ్ గుర్తొస్తారు.

తొంభైల్లో గాజువాక బడిలో ఆవిడ మా ఆటల టీచరు. చీర కొంగు నడుముకు బిగించి మాతోపాటు బరిలోకి దిగేవారు. ఉక్కు కర్మాగారంలో పనిచేసే తండ్రులు "ఆడపిల్లలకి కబడ్డీ ఏటి?" అని ముఖం చిట్లిస్తే, ఇళ్లకు వెళ్లి, వాళ్లిచ్చిన టీ తాగి, ఒప్పించి మరీ వచ్చేవారు. మా నాన్నా అలా ఒప్పుకున్నవాడే. కూత విషయంలో మాత్రం ఆవిడ మహా పట్టుదల మనిషి. "ఊపిరి తెగిందా, నువ్వే బయటికి వచ్చేయ్. రెఫరీ సెప్పక్కర్లేదు" అనేవారు.

నా డిగ్రీ అయ్యాక, సాయంత్రాలు ఆవిడకు తోడుగా పిల్లలకు ఆట నేర్పుతున్న రోజుల్లో, ఏనాడూ పొగ ఎరగని ఆ మనిషికి ఊపిరితిత్తుల క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ చేసి కుడి ఊపిరితిత్తిలో కొంత తీసేశారు. ఇంటికొచ్చి కోలుకుంటున్నారనుకునేలోపే చలిజ్వరం, ఆయాసం పట్టుకున్నాయి. ఛాతీలో చీము చేరిందని మళ్లీ ఆసుపత్రిలో చేర్చుకుని పక్కటెముకల మధ్య గొట్టం పెట్టారు. మొదటిసారి నవ్వుతూ వెళ్లిన ఆవిడ ఈసారి స్ట్రెచర్ మీద నా చెయ్యి వదల్లేదు. మర్నాడే అనకాపల్లిలో మా పిల్లల జిల్లా ఫైనల్.

"నాను ఎల్లను మేడమ్. మీ దగ్గరే ఉంటాను" అన్నాను.

"ఇక్కడ నాకు నర్సులున్నారు. అక్కడ ఆళ్లకి ఎవులున్నారు? నువ్వెల్లు పిల్లా" అన్నారు, మాటకూ మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంటూ.

"ఆడించడం నాకేటి తెలుసు మేడమ్?"

"నీకేటి తెలుసో నాకు తెలుసు."

వెళ్లాను. చివరి నిమిషాలకు రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. మా లక్ష్మి రైడ్‌కు వెళ్లి ఒకమ్మాయిని తాకింది. మధ్య గీతకు తిరిగి చేరేలోపే దాని కూత తెగింది. జనం అరుపుల్లో రెఫరీకి వినపడలేదు, పాయింటు మాకే ఇవ్వబోయాడు. లక్ష్మి చెయ్యెత్తి, "నా కూత తెగిపోయింది సార్" అని తనే బయటికి నడిచింది. ఆ ఒక్క పాయింటుతో ఓడిపోయాం. వ్యానులో పిల్లలంతా ఏడుస్తూనే ఉన్నారు.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్లి జరిగింది చెప్పాను. మేడమ్ కళ్లు మూసుకుని విన్నారు. "దాన్నేటైనా అన్నావా?" అని అడిగారు.

"లేదు మేడమ్. ఎవుల్నీ అననివ్వలేదు. దారంతా నా పక్కనే కూకోబెట్టుకున్నాను."

అప్పుడే డాక్టరు వచ్చారు. మేడమ్ నొప్పిని పళ్ల బిగువున ఆపుకుని, లేచి కూర్చుని, నన్ను చూపించారు. "డాక్టరు గారూ, ఈవిడ మా బడి కబడ్డీ కోచ్ గారు." అన్నేళ్లూ నన్ను పిల్లా అని తప్ప పిలవని మనిషి!

గొట్టం తీశాక ఆవిడ నెమ్మదిగా కోలుకున్నారు. చాలా ఏళ్లు మైదానం పక్కన కుర్చీ వేసుకుని మా ఆట చూశారు. జట్టును మాత్రం తిరిగి తీసుకోలేదు. తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది, హోదాలూ వచ్చాయి. సభల్లో నన్ను పరిచయం చేసేవాళ్లు అవన్నీ వరసగా చదువుతారు. నేను మర్యాదగా వింటాను. నా అసలు పరిచయం మాత్రం ఆ రోజు ఆసుపత్రి మంచం మీద, చాలీచాలని ఊపిరితో, మేడమ్ చేసేశారు.