ఒకే మడతలో సువార్త

2023 మార్చి చివరి రోజులు. మొఘల్‌పురాలో ఉన్న మా బైండింగ్ షాపులో కాలేజీ ప్రాజెక్టు రిపోర్టులు నడుము ఎత్తుకు పేరుకుపోయాయి. రంజాన్ నెల కావడంతో గౌస్ భాయ్ రోజా ఉంటూనే కుట్టుపని చేస్తున్నాడు. ఆయన మా మామ కాలం నుంచి ఇక్కడే ఉన్నాడు. కోడలిగా వచ్చిన నాకు సూదీ దారం పట్టడం నేర్పింది కూడా ఆయనే. ఆ సందట్లోకి ఎస్తేరు దుప్పట్లో చుట్టిన ఒక మూట పట్టుకుని వచ్చింది. ఆమె డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతుంది.

"సుజాతక్కా, దీన్ని బుక్కు చెయ్యాలె. ఈస్టర్‌కు మాదన్నపేటల మా చర్చిల ప్రదర్శన పెడుతున్నం. మొదటి క్రైస్తవుల పుస్తకాలు ఎట్లుండెనో గట్లనే ఉండాలె."

మూట విప్పితే మందపాటి చేతికాగితాలు. నాలుగు సువార్తల్లో చిన్నదాన్ని చర్చివాళ్లు తలా కొంత పంచుకుని తెలుగులో రాశారట. ఒకరి అక్షరం ముత్యంలా ఉంది, ఇంకొకరిది వాలిపోయి ఉంది.

"గప్పుడు కూడా గిట్ల కుట్లు, అట్టలు ఉండెనా?" అని అడిగాను.

ఆ ఒక్క ప్రశ్న చాలు, ఎస్తేరు స్టూలు లాక్కుని కూర్చుంది. ఏసు తన చేత్తో రాసి పెట్టిన పుస్తకమేదీ లేదనీ, ఆయన మాట్లాడింది అరామిక్ అయినా సువార్తలు మనకు దక్కింది గ్రీకులోననీ చెప్పింది. మొదట్లో అంతా నోటిమాటే. తర్వాత ఊరూరా ఇళ్లలో కూడుకునే చిన్న చిన్న గుంపులకు ఉత్తరాలు వెళ్లాయి. కొత్త నిబంధనలో అన్నిటికన్నా పాతవి ఆ ఉత్తరాలేనట, సువార్తలు ఆ తర్వాతివట. ఆ కాలంలో గొప్ప గ్రంథమంటే చాపలా చుట్టేది. క్రైస్తవులు మాత్రం ఎందుకో మడత పుస్తకాన్ని ఇష్టపడ్డారు. ఈజిప్టు ఇసుకలో దొరికిన వాళ్ల లేఖనాలు చాలావరకు ఇలాంటివే.

"ఎందుకట్ల?"

"పెద్ద పెద్ద పండితులే ఇంకా లొల్లి పెట్టుకుంటున్నరక్కా. ఖర్చు తక్కువనో, దారిల పట్టుకపోనీకె సులువనో!"

ఇక్కడ మా పని గురించి కొంచెం చెప్పాలి. మడిచిన కాగితాలను ఒకదానిలో ఒకటి దూర్చి పెట్టిన కట్టను మేం సెక్షన్ అంటాం. గౌస్ భాయ్ జుజ్ అంటాడు. లావు పుస్తకంలో అలాంటి సెక్షన్లు చాలా ఉంటాయి, వరసగా కుట్టుకుంటూ పోతాం. ఎస్తేరు తెచ్చిన పుస్తకం మొత్తం ఒకే సెక్షన్. అంటే మొదటి పేజీ, చివరి పేజీ ఒకే కాగితం మీద ఉంటాయి. అతి పాత పుస్తకాలు కొన్ని అలాగే ఉండేవట.

మర్నాడు పొద్దున ఆ కాగితాలను మడిచి, ఒకదానిలో ఒకటి పెట్టి, వీపు తట్టి చూశాను. మందపాటి కాగితం కావడంతో లోపలి పేజీలు బయటివాటికన్నా వేలెడు ముందుకు పొడుచుకొచ్చాయి, చిలకముక్కులాగా. దీన్ని మా పనిలో క్రీప్ అంటారు. మామూలుగానైతే కటింగ్ మెషీన్ కింద పెట్టి ఒక్క దెబ్బకు సమం చేస్తాం. ఇక్కడ సరిగ్గా నడిమి పేజీల్లో పెద్ద పెద్ద వంకర అక్షరాలు కాగితం అంచుదాకా పాకి ఉన్నాయి. కత్తి దిగితే ప్రతి పంక్తిలోనూ అంచు అక్షరాలు పోతాయి.

ఫోన్ చేస్తే ఎస్తేరు క్లాసు అవగానే పరిగెత్తుకొచ్చింది.

"ఈ ఒక్క కాగితం మళ్లా రాయించరాదు?" అన్నాను.

ఆమె ముఖం వాడిపోయింది. "అది మార్తమ్మ రాసిందక్కా. మాదన్నపేట మార్కెట్ల కూరగాయలు అమ్మేది. అరవై దాటినంక చర్చిల అక్షరాలు నేర్చుకున్నది. ఇది రాసినంక పక్షవాతమొచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఇంకెక్కడ రాస్తది?"

మడతల దగ్గర కోసి చిన్న సెక్షన్లుగా చేద్దామా అన్నాను. పుస్తకమంతా ఒకే మడతలో ఉండటమే తాను చూపించాలనుకున్నదని ఆమె దిగులుగా అంది. కాగితాల కట్టను పక్కనుంచి చూస్తూ చూస్తూ ఒక్కసారిగా లేచి నిలబడింది.

"అక్కా, గా కాలంల వాళ్లకు కూడా గిదే తిప్పలు! ఉత్తరాలన్నీ ఒక్కతాన రాసిన ఒక పాత పుస్తకం ఉన్నది. దాంట్ల కూడా ఒక్కటే మడత. నడిమి పేజీలు బయటి పేజీలకంటె వెడల్పు తక్కువుంటయి. ఎందుకో ఇప్పుడు సమజైంది, అంచు సమం చేసిండ్రు! ఇంకోటి, రాసేటాయన లెక్క తప్పిండు. సగం దాటినంక పేజీలు సాలవని భయపడి పంక్తులు ఇరికించుడు షురూ చేసిండు!"

ఎక్కడో నైలు నది ఒడ్డున, పద్దెనిమిది వందల ఏళ్ల కింద, నాలాంటి మనిషి ఒకడు ఇలాగే కాగితాల కట్ట పట్టుకుని తల గోక్కుని ఉంటాడు! అంతవరకూ ఆ లేఖనాలంటే నాకు చర్చి మైకులో వినిపించే మాటలే. ఆ క్షణంలో వాటి వెనక ఒక పనివాడు కనబడ్డాడు.

మా కేకలు విని గౌస్ భాయ్ సూది పక్కన పెట్టి వచ్చాడు. పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కోసుడు ఎందుకు బేటీ? ముక్కు ఉండనీ. మా అబ్బా పెద్ద కితాబులకు అట్టతోని కలిపి చమ్డా నాలుక, తోలు పట్టీ, పెట్టేటోడు. గది ముందటికెళ్లి మడిచి మూస్తది. పేజీలు ఎంత బయటికొచ్చినా ఫికర్ లేదు."

ఎస్తేరు చప్పట్లు కొట్టినంత పని చేసింది. "చాచా, ఈజిప్టుల దొరికిన పాత క్రైస్తవ పుస్తకాలకు కూడా గట్లాంటి మూతనే ఉన్నది! తోలు అట్ట, ముందటికి మడిచే నాలుక, కట్టనీకె తోలు తాడు!"

"అచ్ఛా?" అని గౌస్ భాయ్ కళ్లు పెద్దవి చేశాడు. "మరి అట్టల దఫ్తీ ఏం పెట్టిండ్రు?"

దఫ్తీ అంటే అట్టకు గట్టిదనం ఇచ్చే పలక. వాడిపారేసిన కాగితాలను పొరలు పొరలుగా అతికించి చేసేవారని ఆమె చెప్పగానే ఆయన పగలబడి నవ్వాడు. ఆయన తన చిన్నప్పుడు పాత ఉర్దూ పేపర్లతో చేసింది అదే.

ఇక మాకు ఆగబుద్ధి కాలేదు. ప్రాజెక్టు రిపోర్టుల పిల్లలకు మర్నాడు రమ్మని చెప్పాను. మేకతోలు తడిపి సాగదీశాం. ఉర్దూ పేపర్లకు మైదా జిగురు పూసి పొర మీద పొర అతికించి దఫ్తీ చేశాం. మడతలో రెండు చోట్ల రంధ్రాలు చేసి, సన్నటి తోలు పట్టీ దూర్చి అట్టకు ముడివేశాం. చివర గౌస్ భాయ్ నాలుకను ముందుకు మడిచి తాడు చుట్టాడు. ఒక్క అక్షరం పోకుండా పుస్తకం మూసుకుంది. ముగ్గురం చిన్నపిల్లల్లా దాన్ని చేతులు మార్చుకుంటూ చూసుకున్నాం.

ఈస్టర్ రోజు నేనూ గౌస్ భాయ్ చర్చికి వెళ్లాం. బల్లమీద మా పుస్తకం, దాని పక్కన ఎస్తేరు చేసిన ఒక గ్రంథపు చుట్ట ఉన్నాయి. మార్తమ్మను కొడుకు ఆటోలో తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆమె మొదట చుట్ట విప్పబోయింది. ఎడమచేత్తో లాగిన కొద్దీ అది తిరిగి చుట్టుకుపోయింది. పట్టుకోవడానికి రెండో చెయ్యి లేవదు.

"మార్తమ్మా, గిది చూడు," అని ఎస్తేరు తాడు విప్పి పుస్తకాన్ని ముందుకు జరిపింది.

మార్తమ్మ ఎడమచెయ్యి పేజీల మధ్యకు దూర్చి ఎత్తగానే, ఒకే మడత పుస్తకం కదా, సరిగ్గా నడిమికి తెరుచుకుని బల్లపరుపుగా పడుకుంది. మార్తమ్మ తన అక్షరాలను చూసింది. వేలు పెట్టి అంచుదాకా జరిపింది.

"అన్నీ ఉన్నయే! ఒక్కటి కూడ పోలే!" అంది. తర్వాత గుడ్డివాడికి చూపొచ్చిన కథను కూడబలుక్కుంటూ పైకి చదవడం మొదలుపెట్టింది. గౌస్ భాయ్ టోపీ సర్దుకుని చేతులు కట్టుకుని నిలబడి విన్నాడు.

మడత పుస్తకాన్ని వాళ్లు ఎందుకు ఎంచుకున్నారన్నది పండితులే తేల్చుకోనీ. నేను మాత్రం ఆ రోజు నుంచి ఏ పుస్తకాన్నైనా కత్తి కింద పెట్టే ముందు నడిమి పేజీ తెరిచి, అంచున ఎవరి అక్షరం ఉందో చూస్తాను. పుస్తకాన్ని సమంగా కోయడమే మంచి బైండింగ్ అనుకునేదాన్ని. రాసిన మనిషిని పూర్తిగా లోపల ఉంచడం మంచి బైండింగ్ అని ఇప్పుడు అనుకుంటున్నాను.